హైదరాబాద్ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్ కట్టాలంటే ఏ కిట్ కొనాలి?

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ రాయల్ ఎయిర్‌ఫోర్స్‌లో 152 హైదరాబాద్ స్క్వాడ్రన్ అని ఒకటుండేది. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా దానికి ఆ పేరు పెట్టారు. దాని బ్యాడ్జీ మీది బొమ్మ కూడా నిజాం తలపాగాదే. అప్పట్లో నల్లగొండ, పాలమూరు రెండూ ఆ రాజ్యంలోని జిల్లాలే. అందుకే ఈ వైపు ప్లాస్టిక్ విమానం మోడళ్లు కట్టేవాళ్ల అలమరలో మిగ్-21 పక్కన ఉండాల్సిన విమానం 152 వాళ్ల స్పిట్‌ఫైర్ యుద్ధవిమానమే అని మా లెక్క. 253వ స్క్వాడ్రన్‌కి కూడా ‘హైదరాబాద్ స్టేట్’ అనే పేరుండేది కానీ 1940లో వాళ్లు నడిపింది హరికేన్. దాని సంగతి ఇక్కడ వద్దు.

కిట్లకేం కరువు లేదు. స్పిట్‌ఫైర్ అచ్చు వేయని కంపెనీ లేదంటే అతిశయోక్తి కాదు. ఎటొచ్చీ నల్లగొండలోనో వనపర్తిలోనో అంగడికెళ్లి పెట్టె తెరిచి చూసి కొనే వీలు లేదు. ఆన్‌లైన్‌లో బొమ్మ చూసి ఆర్డర్ పెట్టాలి, వచ్చినదాన్ని ఇంట్లో పరీక్షించుకోవాలి. పెట్టె మీది బొమ్మ ఎప్పుడూ బాగానే ఉంటుంది.

కిట్ ‘బాగుంది’ అనే మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. కిట్ ఆకారం అసలు విమానంలా ఉందా అన్నది ఒకటి, అచ్చు శుభ్రంగా పడి ముక్కలు చక్కగా అతుకుతున్నాయా అన్నది ఇంకొకటి. వెన్నలా అతుక్కునే కిట్ ఆకారంలో తప్పు కావచ్చు. ఆకారం అచ్చుగుద్దినట్టున్న కిట్ పుట్టీ తింటూ నెల రోజులు సతాయించవచ్చు. కాబట్టి తప్పులు ఉన్నాయా లేవా అని కాకుండా, ఉన్న తప్పుల్ని మీ చేతిలోని పనిముట్లతో దిద్దగలరా అని అడగాలి. కింది పోలిక అంతా ఆ ప్రశ్న మీదే నడుస్తుంది.

## ముందు ఏ విమానమో తేల్చుకోండి

152వ స్క్వాడ్రన్ రెండు రకాల స్పిట్‌ఫైర్లతో బాగా గుర్తుండిపోయింది. 1940 జనవరిలో గ్లాడియేటర్ విమానాలు వదిలి స్పిట్‌ఫైర్ మార్క్ 1కి మారింది. ఆ ఏడు జులై నుంచి ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని వార్మ్‌వెల్ నుంచి బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో పోరాడింది. అప్పటి స్క్వాడ్రన్ అక్షరాలు యు, ఎమ్. తర్వాత 1944-45లో బర్మా వైపు మార్క్ 8 నడిపింది. ఫ్యూజిలాజ్ (విమానం ఒళ్లు) పొడవునా దూకుతున్న నల్ల చిరుతపులి బొమ్మ ఆ కాలానిదే.

ఈ రెండూ ఒకే విమానం కాదు, ఒకదాని కిట్‌తో ఇంకొకటి కుదరదు. పెట్టె మీద ఏం రాసి ఉన్నా ముక్కలు చూసి పోల్చుకునే గుర్తులివి:

- మార్క్ 1 రెక్కల కింద రెండు వైపులా ఒకేలా ఉండదు. కుడి రెక్క కింద పెద్ద చతురస్రపు రేడియేటర్, ఎడమ రెక్క కింద సగం గొట్టంలా చిన్న ఆయిల్ కూలర్ ఉంటాయి. మార్క్ 8లో రెండు వైపులా పెద్దవే.
- ముక్కు పక్కన పొగ గొట్టాలు మార్క్ 1కి వైపుకు మూడు, మార్క్ 8కి ఆరు.
- ప్రొపెల్లర్ రెక్కలు 1940 నాటి మార్క్ 1కి మూడు, మార్క్ 8కి నాలుగు. తొలి మార్క్ 1లకు రెండు రెక్కల చెక్క ప్రొపెల్లరు, పైభాగం చదునైన కానపీ (కాక్‌పిట్ మీది అద్దం మూత) ఉండేవి. అవి 1940 వేసవి విమానానికి పెట్టకూడదు.
- తోక చక్రం మార్క్ 8లో లోపలికి ముడుచుకుంటుంది, మార్క్ 1లో బయటే ఉంటుంది.

ఒకే అచ్చులోంచి నాలుగైదు రకాలు అమ్మడం కంపెనీలకు అలవాటు. అందుకే స్ప్రూల (ముక్కలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రాల) మీద వాడక్కర్లేని ముక్కలు కుప్పగా ఉంటాయి. అది లోపమేమీ కాదు. మీకు కావలసిన ముక్క అక్కడ లేకపోతేనే లోపం. మార్క్ 8 కొన్నింటికి రెక్క కొసలు పొడుగ్గా, సూదిగా ఉండి మొత్తం వెడల్పు 12.24 మీటర్లకు పోతుంది. మీరు ఎంచుకున్న విమానం ఫోటోలో కొస ఎలా ఉందో చూశాకే కిట్ వైపు చూడండి.

## కొలత: రెక్క నుంచి మొదలుపెట్టండి

మార్క్ 1 రెక్కల వెడల్పు 36 అడుగుల 10 అంగుళాలు, అంటే 11.23 మీటర్లు. పొడవు 29 అడుగుల 11 అంగుళాలు, 9.12 మీటర్లు. స్కేల్‌లోకి మారిస్తే (1/72 అంటే అసలులో 72వ వంతు):

| స్కేల్ | రెక్కల వెడల్పు | పొడవు | కిట్‌లో 1 మి.మీ. తేడా అంటే అసలు విమానంలో |
|---|---|---|---|
| 1/72 | 155.9 మి.మీ. | 126.6 మి.మీ. | 72 మి.మీ. |
| 1/48 | 233.9 మి.మీ. | 190.0 మి.మీ. | 48 మి.మీ. |
| 1/32 | 350.8 మి.మీ. | 285.0 మి.మీ. | 32 మి.మీ. |
| 1/24 | 467.8 మి.మీ. | 379.9 మి.మీ. | 24 మి.మీ. |

పొడవు కంటే రెక్కను ముందు కొలవడానికి కారణం ఉంది. పొడవులో ముక్కు కొస స్పిన్నర్ (ప్రొపెల్లర్ మధ్యలోని మొన టోపీ) నుంచి తోక చుక్కాని దాకా అన్నీ లెక్కకొస్తాయి. స్పిన్నర్ మారితే పొడవు మారుతుంది, చుక్కాని విడి ముక్కయితే టేపు వేసి నిలబెట్టడంలోనే అర మిల్లీమీటర్ పోతుంది. స్పిట్‌ఫైర్ కిట్లలో రెక్క అడుగు భాగం చాలాసార్లు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే ముక్కగా వస్తుంది. దాన్ని బల్ల మీద బోర్లించి, కొసల మధ్య నేరుగా స్టీలు స్కేలు పెడితే చాలు. 1/72 రెక్క పెద్ద నోరున్న కాలిపర్‌లోనే పడుతుంది, 1/48కి స్కేలు కావాలి. కొన్ని కిట్లలో కొసలు విడిగా ఉంటాయి. వాటిని టేపుతో అంటించాకే కొలవండి, లేదంటే లేని తప్పు కనబడుతుంది.

వేడి ప్లాస్టిక్ అచ్చులో చల్లారేటప్పుడు అర శాతం అటూ ఇటుగా ముడుచుకుంటుంది. అన్ని వైపులా సమానంగా అర శాతం తగ్గితే అది ప్లాస్టిక్ స్వభావమే అనుకుని వదిలేయవచ్చు. ఉదాహరణకు 1/72 రెక్క 154.5 మి.మీ. వచ్చిందనుకోండి, 1.4 మి.మీ. తక్కువ, అంటే శాతానికి కాస్త లోపు. కంటికి ఆనదు. అదే కిట్‌లో ఫ్యూజిలాజ్ పొడవు మాత్రం 2 మి.మీ. ఎక్కువగా ఉంటే అప్పుడు అనుమానించాలి. రెక్క తగ్గి ఒళ్లు పెరిగితే నిష్పత్తి చెడుతుంది, నిష్పత్తి చెడితే పేరు తెలియనివాడికి కూడా ‘ఏదో తేడాగా ఉంది’ అనిపిస్తుంది.

మా కొలబద్ద ఇది: మొత్తం కొలతలో ఒక శాతం దాకా క్షమించవచ్చు. ముక్కు, కానపీ, స్పిన్నర్ దగ్గర మాత్రం అర మిల్లీమీటర్ కూడా క్షమించకూడదు. మనిషిని ముఖం చూసి గుర్తుపట్టినట్టే విమానాన్నీ అక్కడే గుర్తుపడతాం.

### డ్రాయింగ్‌తో పోల్చేటప్పుడు

స్కేల్ డ్రాయింగ్ ప్రింట్ తీసి దాని మీద ముక్కలు పరిచి చూడటం పాత పద్ధతి, మంచి పద్ధతి. కానీ తప్పులు ఎక్కువగా దొర్లేదీ ఇక్కడే. జిరాక్స్ సెంటర్‌లో ప్రింట్ ఇచ్చేటప్పుడు కాగితానికి సరిపెట్టే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే బొమ్మ మూడు నాలుగు శాతం కుంచించుకుపోతుంది. ‘యాక్చువల్ సైజ్’ పెట్టమని చెప్పండి. ప్రింట్ చేతికి రాగానే కౌంటర్ దగ్గరే స్కేలు తీసి డ్రాయింగ్‌లోని కొలత గీతను కొలవండి. 1/48 రెక్కల వెడల్పు 234 మి.మీ. కాబట్టి 297 మి.మీ. పొడవున్న ఏ4 కాగితం మీద అడ్డంగా పడుతుంది. 1/24 పడదు, రెండు కాగితాలు అతికితే ఆ అతుకు దగ్గరే కొలత పోతుంది.

డ్రాయింగ్ గీసినవాడూ మనిషే. ఒకే డ్రాయింగ్‌ని వేదంలా పట్టుకోకుండా, రెండిటిలో ఒకేలా ఉన్న కొలతనే నమ్మండి. ఫోటోలకు ఇంకో జబ్బు ఉంది. దగ్గర నుంచి తీసిన ఫోటోలో ముక్కు పెద్దదిగా, తోక చిన్నదిగా పడుతుంది. దూరం నుంచి సరిగ్గా పక్కగా తీసినదే పోలికకు పనికొస్తుంది. మ్యూజియంలోని విమానాలనూ కళ్లు మూసుకుని నమ్మొద్దు. ఢిల్లీ పాలంలోని వైమానిక దళ మ్యూజియంలో స్పిట్‌ఫైర్ చూడవచ్చు, కానీ ఇన్నేళ్లు నిలిచిన ఏ విమానానికైనా చక్రాలు, రంగులు, చిన్న భాగాలు మారి ఉంటాయి. ఆకారానికి దాన్ని చూడండి, వివరాలకు యుద్ధకాలం ఫోటో చూడండి.

## ఆకారం: స్పిట్‌ఫైర్ రెక్కలోనే పరీక్షంతా

రెక్క అంచు గుండ్రటి దీర్ఘవృత్తం అని అందరికీ తెలుసు, కాబట్టి కంపెనీలు అక్కడ పెద్దగా తప్పవు. అసలు తప్పేది రెక్క మొదట్లో. విమానాన్ని వెనక నుంచి చూస్తే రెక్క వెనకంచు ఫ్యూజిలాజ్ దగ్గర మొదట కాస్త కిందికి జారి, అక్కడ మెల్లగా వంపు తిరిగి, ఆ తర్వాత పైకి లేస్తుంది. ఎగిరే కొంగ రెక్కలా ఉంటుందా వంపు. చాలా పాత కిట్లలో, కొన్ని పేరున్న కిట్లలో కూడా ఇది ఉండదు. రెక్క అడుగు పలకలా చదునుగా పోయి ఒక్కసారిగా మడత పడుతుంది. ఇది దిద్దడం కష్టం: ఫిల్లర్ వేసి రాకాలి, రాకితే చుట్టూ ఉన్న గీతలు పోతాయి, అవి మళ్లీ చెక్కాలి. కొనే ముందు ఆన్‌లైన్‌లో ఆ కిట్‌ని ఎవరైనా కట్టిన ఫోటోల్లో వెనక నుంచి తీసినది ఒకటైనా వెతకండి.

రెక్క పైకి లేచే కోణం 6 డిగ్రీలు. దీన్ని కొలవడానికి కోణమానిని అక్కర్లేదు. 6 డిగ్రీలంటే దాదాపు ప్రతి 10 మి.మీ.కి 1 మి.మీ. ఎత్తు. 1/72లో వంపు దగ్గర్నుంచి కొస దాకా 70 మి.మీ. ఉంటే కొస 7 మి.మీ. పైన ఉండాలి. రెండు కొసలూ సమానంగా ఉన్నాయా అన్నది ఇంకా ముఖ్యం, ఒకవైపు 7, ఇంకోవైపు 5 ఉంటే విమానం కుంటినట్టే. రెక్కలో ఇంకో సన్నని మెలిక కూడా ఉంది: ముందంచు మొదట్లో 2 డిగ్రీలు పైకి, కొసలో అర డిగ్రీ కిందికి చూస్తుంది. 1/72లో ఇది లేకపోయినా మేం పట్టించుకోం. 1/32, 1/24లో లేకపోతే తెలిసిపోతుంది.

ఫ్యూజిలాజ్‌లో చూడాల్సింది కాక్‌పిట్ వెనక భాగం. అది తోకకు పోతూ మెత్తగా సన్నబడాలి. హసెగవా 1/48 మార్క్ 9, ఆ కుటుంబం కిట్లలో కాక్‌పిట్ వెనక ఫ్యూజిలాజ్ పొట్టిగా ఉందన్నది మోడలర్లలో పాత ఫిర్యాదు. ముక్కలు చక్కగా అతుకుతాయి, గీతలు సన్నగా అందంగా ఉంటాయి. కానీ పొట్టితనం దిద్దాలంటే ఫ్యూజిలాజ్‌ని అడ్డంగా కోసి మధ్యలో ప్లాస్టిక్ ముక్క పెట్టాలి. అచ్చు నాణ్యతకీ ఆకార ఖచ్చితత్వానికీ పొత్తు లేదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

## గీతలు, రివెట్లు: ఎంతైతే ఎక్కువ?

కిట్ మీద ప్యానెల్ గీత 0.2 మి.మీ. వెడల్పుందనుకుందాం. 1/72లో అది అసలు విమానం మీద 14.4 మి.మీ. సందు, అంటే వేలు దూరేంత. అసలు రేకుల మధ్య అలాంటి సందేం లేదు. 1/48లో అదే గీత 9.6 మి.మీ. అవుతుంది, అదీ ఎక్కువే. ఖచ్చితమైన గీత రంగు కింద కనబడనే కనబడదు కాబట్టి ప్రతి కిట్టూ ఇక్కడ కాస్త అబద్ధం ఆడుతుంది. ఎంత అబద్ధం వరకు ఒప్పుకుంటారన్నది మీ రుచి.

లోతు గీత ఉన్న కిట్‌కి బ్రష్షు రంగు రెండు మూడు పూతలు పడ్డా గీత మూసుకుపోదు. సన్న గీత కిట్‌కి గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్షే న్యాయం చేస్తుంది. బ్రష్షుతో రంగు వేసేవాళ్లు సన్న గీతల కోసం ఎక్కువ డబ్బు పెట్టడం దండగ. ఇంకో సంగతి: మార్క్ 1 వెనక ఫ్యూజిలాజ్ మీద గుండ్రటి తల రివెట్లు, ఒకదాని మీద ఒకటి ఎక్కిన రేకు అతుకులు నిజంగానే కనబడతాయి. రెక్కలు మాత్రం నునుపుగా ఉంటాయి. ఒళ్లంతా ఒకే లోతున గుంటలు కొట్టిన కిట్ అందంగానే ఉంటుంది కానీ నిజం కాదు. చుక్కాని, ఎలివేటర్లు (తోక అడ్డరెక్కల వెనక కదిలే భాగాలు) గుడ్డ తొడిగినవి. వాటి మీద పక్కటెముకల్లా గుడ్డ కుంగిపోయి కనిపిస్తే అది అతి. గీకుడు కాగితంతో నాలుగు రాకులు రాకితే సరిపోతుంది.

## స్ప్రూ చేతికొచ్చాక

ట్యూబ్‌లైట్ కింద నిలబడి రెక్క ముక్కను మెల్లగా వంచుతూ చూడండి. లైటు గీత దాని మీద నిటారుగా జారుతూ పోవాలి. ఎక్కడైనా మెలిక తిరిగితే అక్కడ ప్లాస్టిక్ గుంటపడింది, దాన్ని సింక్ మార్క్ అంటారు. లోపల మందమైన పిన్నో దిమ్మో ఉన్నచోట బయట ఇలా కుంగుతుంది. రెక్క మీద ఒకటుంటే పుట్టీ నింపి రాకవచ్చు. ముక్కు గుండ్రం మీద ఉంటే చుట్టూ ఉన్న ఫాస్టెనర్ల వివరం కూడా పోతుంది కాబట్టి అది పెద్ద లోపమే.

తర్వాత ఎజెక్టర్ పిన్ను గుర్తులు, అంటే అచ్చులోంచి ముక్కను తోసిన గుండ్రటి మచ్చలు. ఇవి ప్రతి కిట్‌లో ఉంటాయి. ఎక్కడున్నాయన్నదే చూడాలి. ఫ్యూజిలాజ్ లోపల కనబడని చోట ఉంటే మరిచిపోండి. కాక్‌పిట్ గోడ మీద, చక్రాల గుంత తలుపు లోపలివైపు ఉంటే పని పడినట్టే.

అచ్చు రెండు సగాలు సరిగ్గా కూడకపోతే గుండ్రటి ముక్కల మీద మెట్టు వస్తుంది. చక్రం కాలు తీసుకుని గోటితో అడ్డంగా గీయండి. గోరు తట్టుకుంటే మెట్టు ఉంది. సన్న కాలు మీద 0.2 మి.మీ. మెట్టును రాకితే కాలు గుండ్రం పోయి బల్లపరుపు అవుతుంది, ఇత్తడి కమ్మీతో కొత్తగా చేసుకోవడమే నయం. ఫ్లాష్ అంటే అంచుల దగ్గర సన్న పొరలా కారిన ప్లాస్టిక్. చూడ్డానికి భయపెడుతుంది కానీ అన్నింటికంటే తేలికైన తప్పు అదే, బ్లేడుతో పోతుంది. షార్ట్ షాట్, అంటే ప్లాస్టిక్ చివరిదాకా పారక ముక్క కొస విరిగినట్టు ఉండటం. దాన్ని దిద్దాలని కూర్చోకుండా ముక్క మార్చివ్వమని అడగండి.

రెక్క వెనకంచు మందం కాలిపర్‌తో చూడండి. 1/72లో 0.5 మి.మీ. అంటే అసలు విమానంలో 36 మి.మీ. మొద్దు. అతకముందే లోపలివైపు నుంచి గరుకు కాగితం మీద రెక్కను రాకి పల్చన చేయవచ్చు. అతికాక ఆ అవకాశం పోతుంది.

జిగురు ముట్టకుండా ఫ్యూజిలాజ్ రెండు సగాలు, రెక్కలు మాస్కింగ్ టేపుతో కట్టి చూడటం చివరి పరీక్ష. మూడు చోట్ల చూడండి: రెక్క పైభాగం ఫ్యూజిలాజ్‌ని తాకే చోట, రెక్క అడుగు ముక్క వెనక అంచు పొట్టలో కలిసే చోట, ముక్కు పైన మధ్య అతుకు దగ్గర. పోస్టుకార్డు అంచు సందులో దూరకపోతే జిగురుతోనే పూడుతుంది. ఒక కార్డు దూరితే పుట్టీ, రెండు దూరితే ప్లాస్టిక్ పట్టీ పెట్టాలి. మొదటి చోట సందు వస్తే వెంటనే పుట్టీ పూయకండి. రెక్కల కొసలను కాస్త పైకి లేపి టేపు బిగించి మళ్లీ చూడండి. చాలాసార్లు సందు మూసుకుంటుంది, రెక్క కోణం కూడా 6 డిగ్రీలకు వస్తుంది. ముక్కు పైన రేకు అసలు విమానంలో ఒకటే పలక, కాబట్టి అక్కడి మధ్య అతుకు ఎలాగూ పూర్తిగా పూడ్చాల్సిందే.

## కానపీ, డీకాల్

కానపీ గోడ 1 మి.మీ. మందం ఉంటే 1/72లో అది 72 మి.మీ. అద్దం. మూసి అతికితే కనబడదు, తెరిచి పెడితే మొద్దుగా కనబడుతుంది. చిన్న స్కేల్‌లో మూసేయడమే మా సలహా.

డీకాల్ షీట్‌లో, అంటే నీళ్లలో ముంచి విమానం మీద అంటించే గుర్తుల కాగితంలో, రౌండెల్ (వైమానిక దళపు గుండ్రటి గుర్తు) వలయాలు చూడండి. ఎరుపు మధ్యలో లేకుండా పక్కకు జరిగితే రంగులు తప్పి పడ్డాయన్నట్టు, దానికి మందు లేదు. యు, ఎమ్ అక్షరాలు పెట్టెలో ఉంటాయన్న భరోసా లేదు. ఉంటే అదృష్టం, లేకుంటే బూడిద రంగు అక్షరాల షీట్ విడిగా కొనాలి. బర్మా చిరుతపులికి మాత్రం ఆ గుర్తుల షీట్ దొరికిందని తేలాకే కిట్ కొనండి. ఆ బొమ్మను చేత్తో గీయడం అందరి వల్లా అయ్యే పని కాదు. బర్మా విమానాల రౌండెళ్లలో ఎరుపు ఉండదు, జపాన్ విమానమని పొరబడకుండా తీసేశారు. పెట్టెలోని మామూలు రౌండెళ్లు వాటికి పనికిరావు.

## కిట్‌లు ఒక్కొక్కటి

ఎయిర్‌ఫిక్స్ 1/72 మార్క్ 1ఏ. ఇక్కడ మొదటి చిక్కు అచ్చుది. ఈ కంపెనీ ఇదే పేరుతో 1970ల చివరి నాటి ఉబ్బు గీతల పాత అచ్చును దశాబ్దాలు అమ్మింది. 2010 ప్రాంతంలో కొత్త అచ్చు వచ్చింది. పాత స్టాకు ఇప్పటికీ చేతులు మారుతూ ఉంటుంది. స్ప్రూ ఫోటో పెట్టమని అమ్మేవారిని అడగండి: గీతలు పైకి ఉబ్బి ఉంటే పాతది, లోపలికి చెక్కి ఉంటే కొత్తది. కొత్త అచ్చు ఆకారం బాగుంది, ముక్కలు తక్కువ, ధర అన్నింటిలో తక్కువ. గీతలు మాత్రం లోతు, వెడల్పు. బ్రష్షువాళ్లకు అదే మేలు.

టామియా 1/72 మార్క్ 1. 2000 నాటి అచ్చు. సన్న గీతలు, తేలికగా అతికే ముక్కలు. ఎయిర్‌ఫిక్స్ కంటే ఖరీదు. పుట్టీ అంటే విసుగున్నవాళ్లకు సరిపోతుంది. కాక్‌పిట్ సాదాసీదాగా ఉంటుంది, కానపీ మూసేస్తే చింతే లేదు.

టామియా 1/48 మార్క్ 1. ఇక్కడా రెండు అచ్చులున్నాయి: 1990ల నాటిది, 2018లో కొత్తగా వేసింది. అడగాల్సింది 2018దే. రెక్క మొదటి వంపు, ముక్కు రేఖ, అతుకుల బిగువు అన్నీ ఒకేచోట కుదిరిన కిట్ ఇది. పాత దానిలో ఆ రెక్క వంపు లేదు. ధర తేడా చూసి పాతదాన్ని కొంటే తర్వాత చింతిస్తారు.

ఎడ్వార్డ్ 1/48 మార్క్ 1. 2020లో వచ్చింది. ఒళ్లంతా రివెట్ల వరసలు, కాక్‌పిట్‌లో బోలెడు ముక్కలు. ‘ప్రొఫిప్యాక్’ పెట్టెలో రంగు వేసిన లోహపు పలకలు, కానపీ మాస్కులు వస్తాయి. ‘వీకెండ్’ పెట్టెలో రావు, అందుకే చౌక. అతుకుల్లో వదులు తక్కువ. రంగు పూసిన అంచును రాకకుండా అతికితే ఆ రంగు మందమే సందు తెస్తుంది, ఒకచోట వచ్చిన పావు మిల్లీమీటర్ ముక్కు దాకా పాకుతుంది. ఓపిక ఉన్నవాళ్లకే.

ఎడ్వార్డ్ మార్క్ 8. 1/48, 1/72 రెండు స్కేళ్లలో ఉంది. చిరుతపులి విమానం కావాలంటే మా ఎంపిక ఇదే. 1/72 కిట్‌లో ముక్కలు మరీ చిన్నవి, దగ్గరి చూపు ఇబ్బంది ఉన్నవాళ్లు 1/48కే పోవడం మంచిది.

ఎయిర్‌ఫిక్స్ 1/24 మార్క్ 1ఏ. 1970 నాటి అచ్చు. పెద్దది, చూపరులకు ఇష్టమైనది, అచ్చు వయసుకు తగ్గ ఫ్లాష్, సందులు తెచ్చేది. 47 సెంటీమీటర్ల రెక్కలకు అలమరలో చోటుందో లేదో ముందే చూసుకోండి.

| కిట్ | ఆకారం | అచ్చు, కూర్పు | పని భారం | ధర |
|---|---|---|---|---|
| ఎయిర్‌ఫిక్స్ 1/72, కొత్త అచ్చు | బాగుంది | గీతలు మొద్దు | తక్కువ | అన్నింటిలో తక్కువ |
| టామియా 1/72 | చాలామందికి చాలు | చాలా బాగుంది | అతి తక్కువ | మధ్యస్థం |
| టామియా 1/48, 2018 | అన్నింటిలో మేలు | అన్నింటిలో మేలు | మధ్యస్థం | ఎక్కువ |
| ఎడ్వార్డ్ 1/48 మార్క్ 1 | చాలా బాగుంది | బిగుతు, ముక్కలెక్కువ | ఎక్కువ | పెట్టెను బట్టి |
| ఎయిర్‌ఫిక్స్ 1/24, 1970 | పర్వాలేదు | పాతబడింది | చాలా ఎక్కువ | ఎక్కువ |

## ఎవరికి ఏది

మొదటి కిట్ కట్టబోయే బడిపిల్లలకు, బ్రష్షు తప్ప వేరే సరంజామా లేనివాళ్లకు ఎయిర్‌ఫిక్స్ 1/72 కొత్త అచ్చు. తప్పు చేసినా పోయేది తక్కువ, పైగా రెక్క కోణం, ముక్కు అతుకు లాంటి స్పిట్‌ఫైర్ పాఠాలన్నీ అందులోనే ఉన్నాయి. బడి ఎగ్జిబిషన్‌లో పెట్టాలనుకునే టీచర్లకు 1/24 మీద మనసు పోతుంది. కానీ మూడు వారాల్లో అది అవ్వదు, 1/48 ఎయిర్‌ఫిక్సో టామియానో తీసుకుని వార్మ్‌వెల్ కథ రాసిన అట్ట పక్కన పెట్టండి.

కొలతల పిచ్చి ఉన్నవాళ్లకు టామియా 2018. ‘ఖచ్చితత్వం’ కోసం ఎడ్వార్డ్ కొంటున్నామనుకునేవాళ్లు ఒకసారి ఆలోచించాలి. అక్కడ అదనంగా దొరికేది వివరం, ఆకారంలో రెండింటికీ అంత తేడా లేదు. రివెట్ల వరసలు, లోహపు బెల్టులు అతికే పని ఇష్టమైతేనే ఎడ్వార్డ్. పూర్తిచేయని కిట్లు ఇంట్లో ఇప్పటికే నాలుగు మూలుగుతుంటే, మొహమాటం లేకుండా టామియా 1/72 కొని ఒకటి పూర్తిచేయండి.

## పార్సిల్, ఎండ, నీళ్లు

పెట్టె తెరిచేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి. స్ప్రూ అక్షరాలను సూచనల కాగితంతో సరిచూసి, కానపీ సంచి విడిగా సీల్ ఉందో లేదో చూడండి. స్ప్రూ నుంచి ఊడి సంచిలోనే ఉన్న ముక్క లోపం కాదు, సంచిలో లేని ముక్కే లోపం. వాపసు గడువు లోపల ట్యూబ్‌లైట్ పరీక్ష, టేపు పరీక్ష రెండూ అయిపోవాలి. జిగురు ముట్టిన కిట్‌ని ఎవరూ వాపసు తీసుకోరు.

ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ ఎండలో కొరియర్ బండిలో మాడిన పార్సిల్‌లో స్టైరిన్ (కిట్ ప్లాస్టిక్) ముక్కలు మామూలుగా తట్టుకుంటాయి, రెజిన్ ముక్కలు, డీకాల్ షీట్లు తట్టుకోకపోవచ్చు. వంగిన రెజిన్‌ని వేడినీళ్లలో ముంచి సరిచేసి చల్లనీళ్లలో పెడితే నిలుస్తుంది. డీకాల్‌కి మాత్రం ముందు పరీక్ష కావాలి. వాడని గుర్తు ఒకటి కత్తిరించి నీళ్లలో వేయండి. నిమిషంలో కాగితం మీద నుంచి జారితే మంచిదే. ముక్కలైతే షీటంతటి మీద క్లియర్ వార్నిష్ ఒక పూత వేసి ఆరనిచ్చి, అప్పుడు ఒక్కో గుర్తును అంచు వెంబడి కత్తిరించుకోవాలి. పసుపెక్కిన షీట్‌ని జిప్ కవర్లో పెట్టి కిటికీ అద్దానికి లోపలి నుంచి అంటిస్తే కొన్ని రోజుల ఎండకు తెలుపు తిరిగి వస్తుంది. పాత స్టాకు కొన్నవాళ్లకు మా ఎండలు చేసే ఒకే ఒక్క ఉపకారం అది.

డీకాల్‌కి బోరు నీళ్లు వాడకండి. ఆరాక గుర్తు చుట్టూ ఉప్పు పొర తెల్లగా తేలుతుంది, ముదురు ఆకుపచ్చ మీద మరీ కనబడుతుంది. తాగడానికి తెచ్చే ఫిల్టర్ క్యాన్ నుంచి అర గ్లాసు తీసుకుంటే చాలు, ఒక స్పిట్‌ఫైర్‌కి అంతకంటే పట్టదు.